ఇసుక డ్రమ్ములో లేని బ్యాటరీలు

చచ్చిపోయిన మనిషి గురించి ఇన్సూరెన్సు ఆఫీసరు రాసిన రిపోర్టు అరఠావు కూడా నిండలేదు. పాడైపోయిన కార్డ్‌లెస్ డ్రిల్లులు, రంపాలు, గ్రైండర్లు తూకానికి కొని, విప్పి, ముక్కలుగా అమ్ముకునే ఒక తుక్కు వ్యాపారి సెలవు రోజు మధ్యాహ్నం తన షెడ్డులో ఒంటరిగా కూర్చుని లిథియం బ్యాటరీ ఛార్జింగు పెట్టాడు. అది పేలి నిప్పంటుకుంది. పొగకి ఊపిరాడక పోయాడు. తప్పు అతనిదే కనక కంపెనీ ఏమీ ఇవ్వనక్కర్లేదు. అంతే సంగతి. కింద సంతకం మాత్రం కాగితంలో పావు వంతు ఆక్రమించింది.

చేదుమాత్ర ఆ కాగితాన్ని మడిచి విసనకర్రలా విసురుకుంది. అంతకంటే ఎక్కువ ఉపయోగం దానివల్ల కనపడలేదు.

పోలీసు డిపార్ట్‌మెంటులో ఉన్నన్నాళ్లూ ఆమె వెనక అందరూ అనుకున్న పేరు అది. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాక మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఆమెకి పట్టింపు లేదు. తియ్యగా ఉండి రోగం కుదర్చని వాళ్లని చాలామందిని చూసింది. వాళ్లలో అగ్రగణ్యుడు ఈ రిపోర్టు రాసిన పెద్దమనిషే. ఒకప్పుడు ఆమె కిందే పనిచేశాడు. శవం దగ్గరికి వెళ్లాల్సి వస్తే ముందు చొక్కా మీద సెంటు కొట్టుకునేవాడు. సెంటుబాబు అని పేరు పెట్టింది ఆమే. తర్వాత అతను ఇన్సూరెన్సు కంపెనీకి మారాడు. జీతం పెరిగింది, సెంటు ఖరీదు పెరిగింది, బుర్ర ఉన్నచోటే ఉంది.

ఈ కేసు ఆమెకి అప్పగించింది చచ్చినాయన భార్య. ఆవిడ ఏడుస్తూ రాలేదు, పోట్లాటకి వచ్చినట్టు వచ్చింది.

"మా ఆయన మంచివాడని నేను చెప్పను. పిసినారి. నోరు తెరిస్తే తిట్టే వచ్చేది. కానీ అజాగ్రత్త మనిషని రాశారే, అది మాత్రం శుద్ధ అబద్ధం. ఆ జాగ్రత్తతోనే ఇన్నేళ్లూ నా ప్రాణం తోడేశాడు."

ప్రేమ కోసం వచ్చేవాళ్లు అబద్ధాలు చెబుతారు. పంతం కోసం వచ్చేవాళ్లు చెప్పరు. చేదుమాత్ర కేసు ఒప్పుకుంది.

ముందు ఆవిడ మరిదిని పట్టుకోవాలనుకుంది. వీధి వైపు దుకాణం అతనిది, వెనక పెరట్లో షెడ్డు అన్నగారిది. అన్న విప్పుతాడు, తమ్ముడు అమ్ముతాడు. పది పాత డ్రిల్లుల్లో బాగున్న భాగాలు ఏరి నాలుగైదు పనిచేసే డ్రిల్లులు తయారుచేయడం, వాటిని రంగు పెట్టెల్లో పెట్టి అమ్మడం వాళ్ల వ్యాపారం. అమ్మేవాడు నవ్వుతూ ఉండాలి కాబట్టి తమ్ముడు నవ్వుతూ ఉంటాడు. అన్న పోయినా ఆ నవ్వు పూర్తిగా పోలేదు.

దుకాణంలో అరలన్నీ ఖాళీగా ఉన్నాయి. సరుకేదని అడిగితే అంతా అమ్ముడైపోయిందన్నాడు. అన్న చచ్చిన వారంలోపే అంత బేరం తగిలిందా అని ఆమె అడిగితే, దేవుడి దయ అన్నాడు. ఇలాంటి వాటిల్లో దేవుణ్ని సాక్షికి పిలిచేవాళ్లంటే ఆమెకి ఒళ్లు మంట.

ఆ రోజు ఎక్కడున్నావని అడిగింది. క్షవరానికి వెళ్లానన్నాడు. తిరిగొచ్చేసరికి పెరట్లోంచి పొగ వస్తోంది. పరుగెత్తాడు. షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఉంది, లాగితే వచ్చేసింది. అన్న తలుపు పక్కనే పడి ఉన్నాడు. అరిచాడు, చుట్టుపక్కల వాళ్లొచ్చారు, తర్వాత మంటలార్పే బండి వచ్చింది. అంతా ఒకే ఊపులో, ఎక్కడా తడబడకుండా చెప్పాడు. చిన్నప్పుడు ఎక్కాలు అలాగే అప్పజెప్పి ఉంటాడు.

చేదుమాత్ర అతని తలకేసి తీరిగ్గా చూసింది. జుట్టు చెవులు దాటి కాలరు మీద పడుతోంది.

"క్షవరానికెళ్లి జుట్టుతోనే తిరిగొచ్చావా తమ్ముడూ?"

అక్కడ జనం ఎక్కువగా ఉన్నారని, కూర్చుని కూర్చుని విసుగొచ్చి లేచి వచ్చేశానని అన్నాడు. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. ఆమె దాన్ని పట్టుకుని వేలాడలేదు. ఆమె బుర్రని తొలుస్తున్నది వేరే సంగతి. ఇన్సూరెన్సు డబ్బు రాదని తెలిసి కూడా ఈ మనిషి కంపెనీ గడప తొక్కలేదు, ఒక్క అర్జీ పెట్టలేదు. కాలిన సరుకులో సగం తనదే అయినా నోరెత్తలేదు. చిరిగిన నోటు కూడా వదులుకోని వ్యాపారి ఇంత పెద్ద నష్టానికి ఔదార్యం చూపించాడంటే, ఆ ఔదార్యం కింద ఏదో దాచి ఉంటాడు.

"ఒకసారి షెడ్డు చూద్దాం రా," అంది.

చచ్చినాయన భార్యని కూడా వెంటబెట్టుకుని వెళ్తే, పెరట్లో అప్పటికే సెంటుబాబు ఉన్నాడు. షెడ్డులో కాదు, షెడ్డు ఎదురుగా, బూట్లకి బూడిద అంటనంత దూరంలో జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. తన రిపోర్టు మీద ఎవరో వేలు పెడుతున్నారని తెలిసి వచ్చాడట.

"తుక్కు ఏరుకునేవాడు తుక్కులోనే పోయాడు మేడమ్," అన్నాడు. "దీనికి డిటెక్టివ్ ఎందుకు? చీపురు చాలు."

"చీపురైనా మూలలు చూస్తుంది. నువ్వు గుమ్మం దాటావా?"

సమాధానం అతని బూట్లే చెప్పాయి.

ఆమె తలుపు దగ్గరే ఆగింది. అది రేకు తలుపు. ఎప్పుడో నీలం రంగు వేశారు. సందుల్లోంచి పొగ ఎగదన్నడంతో బయట వైపు కూడా మసి పట్టి నల్లగా తయారైంది. గొళ్లెం విప్పేసి కిందకి వేలాడుతోంది. గొళ్లేనికి పక్కన, తలుపు నుంచి చట్రం మీదకి అడ్డంగా, బెత్తెడు పొడవున రంగు శుభ్రంగా, నీలంగా మెరుస్తోంది. ఆమె తలుపు మూసి, గొళ్లేన్ని ఎత్తి, దాని చోట దాన్ని పెట్టింది. ఆ నీలం ముక్క గొళ్లెం కింద పూర్తిగా మాయమైపోయింది, అచ్చు తీసి పెట్టినట్టు.

అందరూ చూశారు. మరిది ముందుగా చూపు తిప్పుకున్నాడు.

"పొగ వస్తున్నంతసేపూ ఈ గొళ్లెం పెట్టే ఉంది," అంది. "అందుకే దాని కింద మసి పట్టలేదు. లోపలున్న మనిషి బయటి గొళ్లెం ఎలా పెట్టుకుంటాడో నీ రిపోర్టులో రాశావా?"

గాలికి పడి ఉండొచ్చని సెంటుబాబు అన్నాడు. గాలికి గొళ్లెం పైకి లేచి కొక్కెంలో పడే సంగతి ఆమె వినలేదు. అది కనిపెట్టినందుకు అతనికి ఒక పతకం ఇప్పించాలని మాత్రం అంది.

లోపల బల్ల మీద ప్లాస్టిక్ కవచాలు కరిగి మైనంలా కారి గడ్డకట్టాయి. మోటార్లు ఒక గుట్ట, గేర్లు ఒక డబ్బాలో, స్విచ్చులు ఇంకో డబ్బాలో. అంత కాలిన గదిలోనూ ఏ వస్తువు ఏ చోటిదో తెలుస్తోంది. అక్కడ పనిచేసినవాడి నోరు ఎలాంటిదైనా చెయ్యి మాత్రం పద్ధతిగలది. బ్యాటరీ పేలింది అక్కడేనని సెంటుబాబు గుమ్మం బయటినుంచే ఒక మూలని వేలితో చూపించాడు. చేదుమాత్ర ఆ మూల చతికిలబడి బూడిద కదిలించింది. పొట్టిగా, లావుగా ఉన్న ఇనప గొట్టాలు బయటపడ్డాయి. వాటి పైనున్న కాగితాలు, ప్లాస్టిక్కులు కాలిపోయాయి గానీ గొట్టాలు చెక్కు చెదరలేదు. రెండు తెచ్చి గుమ్మం మీద నిలబెట్టింది.

పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీలోని ఇంజనీరుని ఆమె ముందు రోజే కలిసి వచ్చింది. అతను చెప్పిందే ఇక్కడ చెప్పింది. ఇవి పాతకాలపు నికెల్ బ్యాటరీలు. లిథియం వచ్చాక మూలపడ్డ డ్రిల్లుల్లోవి. ఇవి వాటంతటవి నిప్పు పుట్టించవు. లిథియం పేలితే మూత ఎగిరిపోతుంది, లోపలున్న రేకు చుట్ట పేగుల్లా బయటికొస్తుంది. ఈ మూల అలాంటిది ఒక్కటీ లేదు. మంట వీటిలోంచి పుట్టలేదు, బయటినుంచి వచ్చి వీటిని కాల్చింది.

"లిథియంవి ఉండి ఉంటాయి. బూడిదైపోయి ఉంటాయి," అన్నాడు సెంటుబాబు.

అప్పటిదాకా గోడకి చేరబడి నిలబడ్డ భార్య ముందుకొచ్చింది. షెడ్డులో లిథియం ఒక్కటి కూడా ఉంచేవాడు కాదని చెప్పింది. బాగున్నవి స్టీలు పెట్టెలో పెట్టుకుని రోజూ ఇంటికి తెచ్చుకునేవాడు, పెళ్లాం నగలైనా అంత భద్రంగా పెట్టి ఎరగడు. ఆ పెట్టె ఇప్పటికీ ఇంట్లోనే ఉంది. ఇక పాడైనవి, అంటే ఛార్జింగులో వేడెక్కేవి, సొట్టబడ్డవి, కారినవి, వాటిని షెడ్డు వెనక ఇసుక డ్రమ్ములో పాతిపెట్టేవాడు. ఫ్యాక్టరీవాళ్లు వచ్చి పట్టుకెళ్లేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు.

"పొరపాటున కూడా మళ్లీ ఎవరూ వాడకూడదని ఒక్కోదాని పైతొడుగు కోసి, లోపలి ఇనుము మీద ఎర్రరంగు పూసేవాడు," అంది ఆవిడ. "నా గోళ్లరంగు సీసాయే. నీ మొహానికి ఎరుపు నప్పదు, ఈ చచ్చు బ్యాటరీలకి నప్పుతుంది అని లాక్కుపోయాడు."

షెడ్డు వెనక డ్రమ్ము ఉంది. మూత ఉంది. నిండా ఇసుక ఉంది. చేదుమాత్ర భుజందాకా చెయ్యి పెట్టి దేవింది. పై ఇసుక తడారి వదులుగా ఉంది, ఈమధ్యే ఎవరో తోడినట్టు అడుగుదాకా అలాగే ఉంది. బ్యాటరీ ఒక్కటీ తగల్లేదు. ఫ్యాక్టరీవాళ్లు ఈ నెల ఇంకా రాలేదని ఇంజనీరు చెప్పిన సంగతి ఆమెకి గుర్తుంది.

ఆమె చెయ్యి దులుపుకుంటూ మరిది వైపు తిరిగింది. దొంగతనాలు రకరకాలుగా చూసింది. బంగారం దొంగిలించిన వాళ్లని చూసింది, శవం మీది చెప్పులు దొంగిలించినవాణ్నీ చూసింది. పారేసిన విషాన్ని దొంగిలించినవాణ్ని చూడటం ఇదే మొదటిసారి అంది. దేనికీ పనికిరానివని ముద్ర వేసిన బ్యాటరీలు ఎవరికి పనికొస్తాయి? కొత్త తొడుగు వేసి, కొత్త పెట్టెలో పెట్టి, నవ్వుతూ అమ్మేవాడికి పనికొస్తాయి.

మరిది తెల్లబోయాడు గానీ తేరుకున్నాడు. వదిన మాటలు నమ్మొద్దన్నాడు. తను పెట్టే బ్యాటరీలన్నీ కొత్తవేనని, కావాలంటే ఒక్క డ్రిల్లు తెచ్చి నిరూపించమని అన్నాడు. అరలు ఎందుకు ఖాళీ అయ్యాయో ఇప్పుడు ఆమెకి అర్థమైంది. నిరూపించడానికి ఒక్కటి కూడా మిగల్చలేదు. కొన్నవాళ్లెవరో వెతకాలి, ఊరంతా తిరగాలి, ఈలోగా ఇతను ఊరు దాటతాడు.

సరిగ్గా అక్కడ సెంటుబాబు ఆమెని ఆదుకున్నాడు. ఆదుకోవాలని కాదు, అవమానించాలని.

"మీకు మనుషుల్లో మంచి కనపడదు మేడమ్. ఈయన సరుకు నేను స్వయంగా చూశాను. సీలు వేసిన పెట్టెని నేనే విప్పాను. నా కార్లోనే ఉంది, తెస్తానుండండి, చూసి మాట్లాడండి."

మరిది అతని చెయ్యి పట్టుకోబోయాడు. సెంటుబాబు విదిలించుకున్నాడు. తుక్కువాడు తన చొక్కా ముట్టుకోవడం అతనికి నచ్చలేదు.

పెట్టె వచ్చింది. మెరిసే పెట్టె, లోపల మెరిసే డ్రిల్లు. ఎప్పుడు కొన్నావని చేదుమాత్ర అడిగింది. మొన్న అన్నాడు. రిపోర్టు సంతకం పెట్టింది కూడా మొన్నే. బిల్లు ఉందా అని అడిగింది. సెంటుబాబు జేబురుమాలు మడతలు సరిచేసుకున్నాడు. అతనికి ఎప్పుడూ పెద్ద లంచం తీసుకునే స్థాయి కూడా రాలేదని ఆమె అనుకుంది. అనుకుని ఊరుకోలేదు, పైకే అంది.

భార్య స్క్రూడ్రైవరు తెచ్చి ఇచ్చింది. బ్యాటరీ కవచం మరలు ఊడదీస్తే లోపల సన్నటి గొట్టాలు రెండు వరసల్లో ఉన్నాయి, పైన కొత్త ఆకుపచ్చ తొడుగులు నిగనిగలాడుతున్నాయి. చూశారా అన్నట్టు సెంటుబాబు కనుబొమలెత్తాడు. చేదుమాత్ర బ్లేడు తీసి ఒక తొడుగుని నిలువునా జాగ్రత్తగా చీల్చింది. లోపల ఇనుము తెల్లగా ఉంది. రంగు కరిగించే తిన్నర్ వాసన గుప్పుమంది. ఎవరో గొట్టం ఒళ్లంతా తుడిచేశారు. కానీ గొట్టం మెడ దగ్గర మూతకి కింద చుట్టూ ఒక సన్నటి గాడి ఉంటుంది. గుడ్డ అంత లోతుకి పోదు. ఆ గాడిలో ఎర్రటి గీత మిగిలి ఉంది.

భార్య వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"నా రంగే," అంది మెల్లగా. ఆ రోజంతా ఆవిడ గొంతు తగ్గింది ఆ ఒక్కసారే.

మరిది డ్రమ్ము పక్కన కూలబడ్డాడు. అడగకుండానే మొదలుపెట్టాడు. తను అమ్మిన బ్యాటరీ ఒక వడ్రంగి చేతిలో పేలి అరచెయ్యి కాలిపోయింది. ఆ వడ్రంగి కట్టు కట్టుకున్న చేత్తో వచ్చి అన్నకి చూపించి వెళ్లాడు. అన్న సెలవు రోజున డ్రమ్ము వెతికాడు, ఖాళీగా ఉంది. తమ్ముణ్ని పిలిచి బండబూతులు తిట్టాడు. ప్రతి కొనుగోలుదారు ఇంటికీ వెళ్లి చెబుతానన్నాడు. పుట్టినప్పటి నుంచీ ఆ నోటితో తిట్లు తింటూనే ఉన్నానని, ఆ రోజు ఓర్చుకోలేక తోశానని అన్నాడు. అన్న బల్లకి తగిలి పడ్డాడు, తిన్నర్ డబ్బా దొర్లింది. అగ్గిపుల్ల గీసింది భయపెట్టడానికేనట.

"గొళ్లెం పెట్టింది కూడా భయపెట్టడానికేనా?"

వదిన మరిది దగ్గరికి వెళ్లి నిలబడింది. కొడుతుందేమోనని చేదుమాత్ర చూసింది. ఆవిడ కొట్టలేదు.

"మీ అన్న నిన్ను తిట్టాడు. నిజమే. నీకు అన్నం పెట్టి తిట్టాడు, చదివించి తిట్టాడు, దుకాణం పెట్టించి తిట్టాడు," అంది. "నేను తిట్టను. తిట్టడానికి కూడా ఎదుటివాడు మనిషై ఉండాలి."

చేదుమాత్ర పోలీసులకి ఫోను చేసింది. పాత పరిచయాలకి అదొక్కటే ప్రయోజనం, రమ్మంటే వస్తారు. కొన్నవాళ్లందరి వివరాలు మరిది దగ్గర రాబట్టి ఇప్పుడే హెచ్చరించాలని, ఒక్క పూట ఆలస్యమైనా ఎవరో ఒకరు ఛార్జింగు పెడతారని చెప్పింది. ఏ దశలో పేలుతుందని మరిదిని అడిగితే, ఛార్జింగు నిండుతున్నప్పుడేనని గొణిగాడు. దుకాణంలో పరీక్షించి చూసినప్పుడు రెండు అలాగే పేలాయట. పేలాయని తెలిసీ అమ్మాడు. ఉమ్మెయ్యాలనిపించి కూడా నేల పాడవుతుందని ఆమె ఊరుకుంది.

అప్పుడు డ్రిల్లు తిరిగి పెట్టెలో పెట్టబోతూ ఆగింది. లోపల అట్టలో వస్తువులకి గుంటలు చేసి ఉన్నాయి. డ్రిల్లుకొకటి, ఛార్జరుకొకటి, బ్యాటరీలకి రెండు. ఛార్జరు గుంట ఖాళీగా ఉంది. బ్యాటరీ గుంటల్లో రెండోది కూడా ఖాళీగా ఉంది.

"రెండో బ్యాటరీ ఏదయ్యా?" అంది.

సెంటుబాబు జేబురుమాలు కింద పడింది. వంగి తీసుకోలేదు.

"పొద్దున బయల్దేరేటప్పుడు ఇంట్లో ఛార్జింగు పెట్టొచ్చాను," అన్నాడు. "మంచం పక్కన."

"ఇంట్లో ఎవరున్నారు?"

"అమ్మ."

అతను ఫోను తీసి అమ్మ పేరు దాటేసి వెతుకుతున్నాడు. చేదుమాత్ర లాక్కుని తనే నొక్కి, అందరికీ వినపడేలా పెట్టింది. మోగింది. మోగుతూనే ఉంది. భార్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగిపోతుందనగా ఎత్తారు. పెద్దావిడ గొంతు, నిద్రలోంచి లేచినట్టుంది.

"అమ్మా, బయటికి నడువు. ఇంట్లోంచి బయటికి," అన్నాడు సెంటుబాబు. మాట గాలిలా వచ్చింది.

"నువ్వేమంటున్నావో సరిగ్గా వినపళ్లేదు నాన్నా," అంది తల్లి. "ఇదుగో, నీ గదిలోంచి ఏదో కమురు వాసన వస్తోంది. చూసొస్తా, ఉండు."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత, లోపలికి నడిచి వెళుతున్న చెప్పుల చప్పుడు.